చేతి ఫోనుల పోటీ: మీట నుండి తెర వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)

  

గ్రంథాలయ రజతోత్సవమునకును సెల్‌ఫోనుకును ఏమి సంబంధమని కొందరు పెద్దలకు సందేహము కలుగవచ్చును. పుస్తకమును చేతినుండి లాగికొన్నది ఆ ఫోనే గదా, దానికి ఈ వేదికపై పీట వేయనేల అని వారి బాధ. ఆ బాధలో న్యాయము లేకపోలేదు. అయినను పఠన మందిరములో పత్రిక చదువు చేతిలోనే నేడు ఫోను కూడ ఉన్నది. ధాన్యపు డబ్బు బ్యాంకులో పడినదో లేదో చూచుకొను రైతు, పరదేశమున నున్న కుమారుని ముఖము చూచుకొను తల్లి, పరీక్షా ఫలితము వెదకు విద్యార్థి, అందరును ఆ చిన్న పలకనే తడవుచున్నారు. ఇంతగా ఇంటిలోనికి వచ్చిన వస్తువునకు ఈ రూపము ఎట్లు వచ్చినదో, ఎవరెవరి మధ్య ఎట్టి పోరాటము జరిగిన పిమ్మట వచ్చినదో తెలిసికొనుట గ్రంథాలయమునకు తగని పని కాదు.

అంగడికి ఫోను కొనబోయిన వారికి అమ్మువాడు మొదట వినిపించునవి అంకెలు. కెమేరా ఇంత, బ్యాటరీ ఇంత, మెమరీ ఇంత, ధర ఇంత. కంపెనీల పోటీ అంతయు ఈ అంకెలలోనే యున్నదని తోచును. కాని గడచిన ముప్పది సంవత్సరముల చరిత్రను నిదానముగా పరిశీలించినచో వేరొక సంగతి బయటపడును. మహా సంస్థలు కూలుటయు, కొత్త సంస్థలు లేచుటయు ఈ అంకెల వలన అంతగా జరుగలేదు. యంత్రమును మనిషి చేయి ఎట్లు తాకవలెను, తాకినప్పుడు అది ఎట్లు బదులు పలుకవలెను అను ప్రశ్నకు మేలైన సమాధానము చెప్పినవారు ముందుకు వచ్చిరి. పాత సమాధానమును పట్టుకొని కూర్చున్నవారు వెనుకబడిరి. ఆ తాకుడునకును ఆ బదులునకును కలిపి ఇంటర్‌ఫేస్ అని పేరు. మనిషికిని యంత్రమునకును నడుమ నున్న గుమ్మము అనుకొనిన చాలును.

గ్రంథాలయ సభ్యులకు ఈ మాట సులభముగా బోధపడును. పూర్వము అనేక గ్రంథాలయములలో పుస్తకములు తాళము వేసిన బీరువాలలో ఉండెడివి. పాఠకుడు జాబితా చూచి, చీటీ వ్రాసి యిచ్చి, గుమాస్తా తెచ్చి యిచ్చు వరకు బల్ల యొద్ద నిలిచియుండెడివాడు. తరువాత రంగనాథన్ గారి వంటి వారు వాదించి వాదించి బీరువాల తలుపులు తెరిపించిరి. పాఠకుడు తానే అరల మధ్య తిరిగి, పుస్తకము తీసి, రెండు పుటలు త్రిప్పి చూచుకొనుట మొదలయ్యెను. పుస్తకములు అవియే, భవనము అదియే. గుమ్మము మారుటతో చదువరుల సంఖ్య మారెను. చేతి ఫోనుల కథయు ఇట్టిదే.

ఈ గ్రంథాలయము పుట్టిన కాలమునాటి ఫోను ఎట్లుండెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. ఒక చిన్న తెర, దాని క్రింద పండ్రెండు అంకెల మీటలు. ఆ కాలమున ఫోనుల రాజ్యము ఫిన్లండు దేశపు నోకియా సంస్థది. అంతకు ముందు అమెరికాకు చెందిన మోటరోలా అగ్రస్థానమున నుండెను. 1998లో నోకియా దానిని మించిపోయెను. నోకియా ఫోను గట్టిది, రూపమున చక్కనిది, నిజమే. కాని దాని విజయములో ఒక మీటకు గల పాత్రను చాలమంది మరచిరి. 1997లో వచ్చిన 3110 నమూనా మొదలుకొని నోకియా తన ఫోనులలో తెరకు సరిగా క్రిందుగా ఒకే ఒక పెద్ద మీటను ఉంచెను. దానికి నేవి-కీ అని పేరు. ఆ మీట పని ఎప్పటికప్పుడు మారుచుండును. ఆ క్షణమున అది ఏమి చేయునో తెర మీద దానికి నేరుగా పైన ఒక మాటలో కనబడుచుండును. పైకి క్రిందికి పోవుటకు మరియొక మీట, వెనుకకు వచ్చుటకు ఇంకొకటి. ఈ మూడింటితో ఫోను అంతయు చేతికి లొంగెను. ఎవరును పాఠము చెప్పనవసరము లేకపోయెను. ఒకరు చూచి మరియొకరు నేర్చుకొనిరి.

2003లో నోకియా 1100 అను ఫోను వచ్చెను. వేడియు, దుమ్మును మెండుగా నుండు దేశముల వారిని తలచి చేసిన ఫోను అది. మీటలపై దుమ్ము చొరని రబ్బరు తొడుగు, తలపై టార్చిలైటు. కరెంటు పోయిన రాత్రి దాని వెలుతురులోనే దారి చూచుకొన్న ఇండ్లు ఎన్నియో! ప్రపంచమున అట్టివి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. టార్చి కూడ గుమ్మములో ఒక భాగమే అని ఆ ఫోను చేసినవారికి తెలిసియుండెను.

అయితే ఆ పండ్రెండు మీటలకు ఒక పెద్ద చిక్కు ఉండెను. అది వ్రాత. ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారు. వాటిని ఎనిమిది మీటలకు పంచవలెను. ఒక అక్షరమునకు ఒక నొక్కు, మరియొక దానికి మూడు నొక్కులు. ఈ కష్టము తీర్చుటకు అమెరికాలో టెజిక్ అను చిన్న సంస్థ టీ-నైన్ అను ఉపాయము కనిపెట్టెను. ప్రతి మీటను ఒకసారి నొక్కిన చాలు. ఏ మాట కావలసినదో ఫోనే నిఘంటువులో చూచి ఊహించును. ఊహ ఒక్కొక్కప్పుడు తప్పును. 4, 6, 6, 3 నొక్కినచో ఇల్లు అను అర్థము గల ఇంగ్లీషు మాటయు రావచ్చును, మంచి అను అర్థము గల మాటయు రావచ్చును. అయినను ఈ ఉపాయము లేని ఫోను కొనువారు తగ్గిపోవుటచే దాదాపు ప్రతి కంపెనీయు దానిని తెచ్చుకొనవలసి వచ్చెను. కెనడాలోని వాటర్లూ పట్టణమునకు చెందిన బ్లాక్‌బెర్రీ వారు వేరొక దారి పట్టిరి. టైపు యంత్రము మీది అక్షరములన్నిటిని చిన్న చిన్న మీటలుగా చేసి, రెండు బొటనవ్రేళ్లతో వ్రాయుటకు వీలుగా అమర్చిరి. 1999 నుండి వచ్చిన ఆ యంత్రములు ఉద్యోగులకును వ్యాపారులకును ప్రాణమయ్యెను. 2009లో అమెరికా అధ్యక్షపదవి చేపట్టిన బరాక్ ఒబామా తన బ్లాక్‌బెర్రీని విడువనని పట్టుబట్టి, రక్షణాధికారులను ఒప్పించి ఉంచుకొనెను.

ఇరువదియారు అక్షరములకే ఇంత అవస్థ యైనప్పుడు ఏబదియారు అక్షరములు, వాటి గుణింతములు, ఒత్తులు గల తెలుగు సంగతి ఏమి కావలెను? అది తరువాత వచ్చును.

2007 జనవరి 9వ తేదీన అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఏపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోను అను కొత్త ఫోనును సభలో చూపెను. దానికి ముందువైపున ఉన్నది ఒకే మీట. మిగిలినదంతయు గాజు. జాబ్స్ వాదము ఇది: ప్లాస్టిక్ మీటలు ఒకసారి అచ్చుపోసిన పిమ్మట మారవు, చేయు పని మారినను ఆ మీటలు అట్లే పడియుండును. తెర మీద గీసిన మీట అట్లు కాదు. అక్కర వచ్చినప్పుడు వచ్చును, అక్కర తీరినప్పుడు పోవును.

ఇచట ఒక పోలిక చూడవలెను. అదే సంవత్సరము మార్చిలో నోకియా ఎన్-95 అను ఫోను అంగడికి వచ్చెను. దాని కెమేరా 5 మెగాపిక్సెలులు. ఐఫోనుది 2 మాత్రమే. ఎన్-95లో దారి చూపు జీపీఎస్ కలదు, ఐఫోనులో లేదు. ఎన్-95కు వేగవంతమైన త్రీ-జీ కలదు, ఐఫోనుకు లేదు. తొలి ఐఫోనులో ఒకచోటి మాటలను కాపీ చేసి మరియొక చోట పెట్టు వీలు కూడ లేదు; అది 2009లో గాని రాలేదు. అంకెలు చూచి తీర్పు చెప్పువాడెవడైనను నోకియాకే బహుమతి ఇచ్చియుండును. చాలమంది ఇచ్చిరి కూడ. 2008లో నోకియా దాదాపు 47 కోట్ల ఫోనులు అమ్మెను. ప్రపంచమున అమ్ముడైన ప్రతి పది ఫోనులలో దాదాపు నాలుగు దానివే. తొలి ఐఫోను మొత్తము మీద అమ్ముడైనవి సుమారు 60 లక్షలు. 2008 ఆగస్టులో దాని రెండవ రూపము భారతదేశమునకు వచ్చినప్పుడు ధర 31,000 రూపాయలు. ఏనుగు ప్రక్కన ఎలుకను చూచినట్లు లోకము చూచెను.

మరి ఆ ఎలుకలో ఏమున్నది? దానికి సమాధానము వ్రేలిలో ఉన్నది. అంతకు పూర్వమును తాకు తెరలు లేకపోలేదు; 1994లోనే ఐబీఎం కంపెనీ సైమన్ అను తాకు తెర ఫోనును అమ్మెను. కాని ఆ కాలపు తెరలలో చాలవరకు రెండు పలుచని పొరలు ఉండెడివి. పై పొరను గట్టిగా నొక్కి క్రింది పొరకు తగిలించిన గాని యంత్రమునకు తెలియదు. అందుకే వాటితో పాటు ఒక చిన్న పుల్ల ఇచ్చెడివారు. కొత్త తెర అట్టిది కాదు. మనిషి దేహము విద్యుత్తును గ్రహింపగలదు గనుక వ్రేలు గాజును సోకినంతనే అచటి విద్యుత్ క్షేత్రమున కలుగు స్వల్పమైన మార్పును అది పసిగట్టును. నొక్కనక్కరలేదు, తాకిన చాలును. రెండు వ్రేళ్లను ఒకేసారి గుర్తించును. బొమ్మను పెద్దది చేయుటకు రెండు వ్రేళ్లు ఎడముగా జరుపుట, చిన్నది చేయుటకు దగ్గరకు తెచ్చుట, ఈ విద్య ఈనాడు మాటలు రాని పసివానికి కూడ తెలియును.

ఇంకొక చిన్న విషయమున్నది. జాబితాను వ్రేలితో పైకి విసరినచో అది వ్రేలు తీసిన పిమ్మటను కొంత దూరము జారుచు పోవును. చివర చేరినప్పుడు రబ్బరు లాగి విడిచినట్లు కొంచెము సాగి వెనుకకు వచ్చును. ఇది అలంకారమని తోచవచ్చును. కాదు. చివరకు వచ్చిన జాబితా కదలక నిలిచినచో యంత్రము చెడినదని మనిషి భయపడును. సాగి వచ్చినచో ఇక ముందు ఏమియు లేదని గ్రహించును. బాస్ ఆర్డింగ్ అను రూపశిల్పి దీనిని ఊహించెను. ఏపిల్ వారు మొదట చేయదలచినది పెద్ద పలక. ఈ జారుడును, ఈ రబ్బరు సాగుడును ఆ పలక నమూనాలో చూచిన పిమ్మటనే, దీనితో ఫోను చేయవచ్చునని తనకు తోచినదని జాబ్స్ 2010లో ఒక సభలో చెప్పెను. ఒక మహా వ్యాపారమునకు మూలము జాబితా చివరి బెత్తెడు కదలిక!

నోకియాకు బుద్ధిమంతులు లేరా? వేలకొలది ఉండిరి. డబ్బు లేదా? కావలసినంత ఉండెను. కాని వారి ఫోను లోపలి వ్యవస్థ, సింబియన్, మీటల కొరకు పుట్టినది. 2008 అక్టోబరులో నోకియా 5800 అను తాకు ఫోనును ప్రకటించెను. తెర పాత పొరల తెరయే. లోపలి అలవాట్లును పాతవే. కొన్ని చోట్ల ఒకసారి తాకిన పని జరుగును. జాబితాలలో మాత్రము మొదట తాకినచో గుర్తు పడును, రెండవసారి తాకినచో గాని తెరచుకొనదు. ఎచట ఒకటి, ఎచట రెండు అన్నది వాడువాడే గుర్తుంచుకొనవలెను. ఏ గుమ్మమున తల వంచవలెనో ఏ గుమ్మమున నిలువుగా పోవచ్చునో తెలియని ఇంటివలె అది ఉండెను. మీటతో రాజ్యమేలిన వారికి మీటయే అడ్డమయ్యెను. బ్లాక్‌బెర్రీ కథయు ఇంచుమించు ఇదే. 2008లో వారు స్టార్మ్ అను తాకు ఫోను తెచ్చిరి. మీట నొక్కిన తృప్తి పోరాదని తెర మొత్తమును ఒకే మీటగా చేసి, నొక్కినప్పుడు క్లిక్కుమనునట్లు అమర్చిరి. అది ఎవరికిని నచ్చలేదు. వారి పాత ఫోనులకు సేవలు 2022 జనవరి 4న పూర్తిగా నిలిచిపోయెను.

గూగుల్ వారు మరియొక విధముగా ప్రవర్తించిరి. 2005లో వారు కొనిన ఆండ్రాయిడ్ అను చిన్న సంస్థ బ్లాక్‌బెర్రీ పోలికతో మీటల ఫోనునొకదానిని తయారు చేయుచుండెను. ఐఫోనును చూచినంతనే ఆ ప్రయత్నమును ప్రక్కకు నెట్టి, తాకు తెరను నమ్ముకొనిరి. 2008లో వెలువడిన వారి మొదటి ఫోనులో సందేహము ఇంకను కనబడును: తాకు తెరయు ఉన్నది, తెరను ప్రక్కకు జరిపినచో క్రింద మీటల వరుసయు ఉన్నది. కాని అందులో ఒక కొత్త సంగతి కలదు. తెర పైఅంచు నుండి వ్రేలితో క్రిందికి లాగినచో, చాప విప్పినట్లు, వచ్చిన కబురులన్నియు ఒకచోట కనబడును. ఏపిల్ ఫోనులో అట్టిది లేదు. మూడేండ్ల తరువాత, 2011లో, ఏపిల్ కూడ అదే చాపను పరచెను.

కాబట్టి ఈ పోటీలో దాత ఒకడు, దొంగ ఒకడు అని చెప్పుటకు వీలులేదు. చేయి పట్టుకొని నేర్చుకొనిన అలవాటును దాచుట సాధ్యము కాదు. యంత్రము లోపలి చక్రమును మూతపెట్టి దాచవచ్చును. వ్రేలి కదలికను సంతలో నిలుచున్న ప్రతివాడును చూడగలడు. అందుచేతనే న్యాయస్థానములకు పని పడెను. 2011 ఏప్రిల్‌లో ఏపిల్ కంపెనీ దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్ పై దావా వేసెను. శామ్‌సంగ్ ఉద్యోగులు తమ ఫోనును ఐఫోనుతో అంశమంశముగా పోల్చి 132 పుటలు వ్రాసిన పత్రము ఒకటి సాక్ష్యముగా వచ్చెను. 2012 ఆగస్టు 24న కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగర న్యాయస్థానమున జ్యూరీ వారు నూరు కోట్ల డాలర్లకు మించిన పరిహారము విధించిరి. ఆ రబ్బరు సాగుడు కూడ అందులో ఒక అంశము. వ్యాజ్యము సుప్రీము కోర్టు దాక పోయి, మరల వెనుకకు వచ్చి, 2018 జూన్‌లో రాజీతో ముగిసెను. ఏడు సంవత్సరములు! ఆ లోపున రెండు కంపెనీలును ఎన్ని తరముల ఫోనులు అమ్మెనో లెక్కలేదు.

తాళము తీయు కదలిక మరింత వింత. తెర మీద వ్రేలిని ఎడమ నుండి కుడికి జరిపి ఫోను తెరచుట ఏపిల్ తన సొత్తని చెప్పెను. స్వీడను దేశపు నియోనోడ్ అను చిన్న సంస్థ అంతకు ముందే అట్టి ఫోను చేసియుండుట బయటపడెను. 2012లో ఇంగ్లండు న్యాయస్థానమును, 2015లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానమును ఆ హక్కు చెల్లదనిరి. 2016 అక్టోబరులో అమెరికా అప్పీలు న్యాయస్థానము చెల్లుననెను. ఒకే వ్రేలు, ఒకే కదలిక. సముద్రము దాటినచో సొత్తు, దాటకున్నచో కాదు. తమాషా యేమన, అమెరికాలో ఆ తీర్పు వచ్చునాటికి ఏపిల్ తన ఫోనుల నుండి ఆ కదలికనే తీసివేసి మూడు వారములు దాటినది.

ఇచట పామ్ అను సంస్థను తలవకుండ ముందుకు పోరాదు. ఐఫోను పుట్టుటకు పదకొండేండ్ల ముందే, 1996లో, చేతిలో ఇముడు పామ్ పైలట్ అను యంత్రమును చేసినవారు వీరు. దానిని ఊహించిన జెఫ్ హాకిన్స్ ముందుగా చొక్కా జేబులో పట్టునంత చెక్క ముక్కను కోయించి, దానిపై పుల్లతో వ్రాయుచున్నట్లు నటించుచు కొన్నాళ్లు తిరిగెను. లోపల యంత్రము లేకముందే గుమ్మము కొలత చూచుకొన్న వివేకి అతడు. 2009లో పామ్ వారు ప్రీ అను ఫోను తెచ్చిరి. అందు ప్రతి పనియు ఒక పేకముక్కవలె తెర మీద కనబడును. ప్రక్కకు త్రోసినచో మరియొక పని వచ్చును. పైకి విసరినచో ఆ పని ముగియును. చూచినవారందరు మెచ్చుకొనిరి. కాని కొనినవారు చాలలేదు. 2010లో హెచ్‌పీ కంపెనీ పామ్‌ను 120 కోట్ల డాలర్లకు కొని, మరుసటి సంవత్సరము ఆగస్టులోనే ఆ ఫోనుల తయారీని ఆపివేసెను. ఆ పేకముక్కలు మాత్రము చావలేదు. 2013లో ఏపిల్ తెర మీదికి వచ్చెను. ఆండ్రాయిడ్ ఫోనులలోనికిని వచ్చెను. ఈనాడు గ్రామమున ఏ కుర్రవాడు ఫోనులో పనిని పైకి త్రోసి మూసినను, అది పామ్ వారి సొమ్మే. ఆ సంస్థ పేరు వానికి తెలియదు.

పామ్ కథ వినిన పిమ్మట, గుమ్మము ఒక్కటియే సర్వస్వమని ఎవరును అనరు. మైక్రోసాఫ్ట్ వారు 2010లో విండోస్ ఫోను తెచ్చిరి. రంగురంగుల పలకలు, పెద్ద అక్షరములు, చూచుటకు పరిశుభ్రముగా నుండెను. 2011 ఫిబ్రవరిలో నోకియా కూడ తన సింబియన్‌ను విడిచి దానిలో చేరెను. కాని బ్యాంకు పనికి, బస్సు టిక్కెట్టుకు, ఆటకు కావలసిన యాప్‌లు వ్రాయువారు అప్పటికే ఏపిల్, గూగుల్‌ల యిండ్లలో స్థిరపడియుండిరి. గుమ్మము అందముగా నున్నను లోపల దుకాణములు లేని వీధి అయ్యెను. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోనుల వ్యాపారము మైక్రోసాఫ్ట్ చేతికి పోయెను. ఆ బేరము విలువ సుమారు 720 కోట్ల డాలర్లు. మరుసటి యేడు 2015లోనే మైక్రోసాఫ్ట్ దానికి మించిన మొత్తమును, 760 కోట్లను, నష్టముగా వ్రాసికొనెను. చెన్నై సమీపమున శ్రీపెరంబుదూరులో 2006 నుండి నడచిన నోకియా కర్మాగారము పన్నుల తగాదాలో చిక్కి ఆ బేరములో చేరక, 2014 నవంబరులో మూతబడెను. వేలమంది యువతీయువకులు ఆ గేటు నుండి ఇంటికి నడచిరి. ఎచటనో తెర మీద గెలిచిన వ్రేలికి ఇచట ఇట్టి వెల కూడ కట్టవలసి వచ్చెను; పన్నుల తగాదా ఒక్కటియే కారణమనుకొనుట పొరపాటు, ఆర్డర్లు అప్పటికే తగ్గియుండెను.

మీట పోయినందువలన నష్టపడినవారు మరికొందరు కలరు. పాత ఫోనులో 5 అంకె మీద చిన్న చుక్క యుండెడిది. దానిని తడవి అంధులు ఫోను చేసికొనెడివారు. నున్నని గాజు మీద తడవుటకు ఏమున్నది? తొలి రెండేండ్లు వారికి కొత్త ఫోను మూసిన తలుపే. 2009లో ఏపిల్ తన ఫోనునకు చదివి వినిపించు శక్తి నిచ్చెను: వ్రేలు ఎచట తాకునో అచట ఉన్న దానిని ఫోను పైకి చెప్పును, రెండుసార్లు తట్టిన పని చేయును. అదే కాలమున గూగుల్‌లో, భారతదేశమున జన్మించిన అంధ శాస్త్రజ్ఞుడు టి. వి. రామన్ మొదలైనవారు ఆండ్రాయిడ్‌కు అట్టి సాధనమును సమకూర్చిరి. మీటల కాలమున అంకెలు మాత్రమే తడవగలిగిన వ్రేళ్లు ఇప్పుడు పత్రికలను వినుచున్నవి.

కర్షకుని చేతి సంగతియు ఇట్టిదే. తడిచేతికి, బురదచేతికి, కాయలు కాచి ఎండిన వ్రేలికి గాజు తెర సరిగా పలుకదు. అది ఆ వ్రేలి తప్పు కాదు. విద్యుత్తును చూచు ఆ తెర స్వభావము. నేటికిని బటన్ల ఫోను విడువని పెద్దలను చూచి మనుమలు నవ్వుచుందురు. నవ్వనక్కరలేదు. 2017లో జియో సంస్థ నాలుగవ తరము ఇంటర్నెట్టుతో ఒక ఫోనును తెచ్చినప్పుడు దానికి తాకు తెర పెట్టలేదు, మీటలే పెట్టెను. 1,500 రూపాయలు ధరావతుగా తీసికొని ఇచ్చెను. మరుసటి సంవత్సరము దానిలో వాట్సాప్ కూడ వచ్చెను. కోట్లమందికి మీట ఇంకను కావలెనని ఆ బేరమే చెప్పుచున్నది.

చీనా దేశపు షియోమీ సంస్థ కథ తెలుగునాటికి దగ్గరది. ఆ సంస్థ 2010 ఆగస్టులో లోకమునకు మొదట ఇచ్చినది ఫోను కాదు. ఇతరుల ఆండ్రాయిడ్ ఫోనులలో వేసికొనుటకు వీలగు తెర వ్యవస్థ. దానికి మీయూఐ అని పేరు. వాడినవారు ఇది బాగున్నది, అది బాగులేదు అని వ్రాసిన మాటలను విని వారము వారము దిద్దుచు వచ్చిరి. అట్లు గుమ్మము కుదిరిన పిమ్మట, ఒక సంవత్సరమునకు, ఇల్లు కట్టిరి. అనగా తమ మొదటి ఫోను చేసిరి. 2014లో భారతదేశమునకు వచ్చిరి. 2015 ఆగస్టు నాటికి వారి ఫోనులు చిత్తూరు జిల్లా తడ సమీపమున నున్న శ్రీసిటీలో కూర్పబడుచుండెను. ఆ ప్రాంతము ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది.

ఇక తెలుగు అక్షరముల మాట. కంప్యూటర్లు లోకమందలి లిపులన్నిటిని గుర్తించుటకు ఏర్పడిన యూనికోడ్ లో తెలుగునకు 1991లోనే స్థానము దొరకెను. కాని పట్టికలో స్థానము వేరు, చేతిలో స్థానము వేరు. చాలకాలము ఫోనులలో తెలుగు మాటకు బదులు ఖాళీ డబ్బాలు వరుసగా కనబడెడివి. వ్రాయుట మరింత కష్టము. అందుచే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయు అలవాటు పెరిగెను. తాకు తెర వచ్చిన పిమ్మట చిక్కు కొంత విడెను. అచ్చుపోసిన మీట లేదు గనుక ఏ లిపి మీటనైనను గీయవచ్చును. బొంబాయి ఐఐటీ వారు 2013లో మొదలిడిన స్వరచక్ర అను కీబోర్డు ఇందుకు చక్కని ఉదాహరణము. హల్లును తాకినంతనే దాని చుట్టును చక్రమువలె గుణింతము విప్పుకొనును. కావలసిన వైపునకు వ్రేలు జరిపినచో అక్షరము పూర్తియగును. పలక మీద గుణింతము దిద్దిన ప్రతివారికిని అది తెలిసిన విద్యయే. 2016లో భారత ప్రభుత్వము, దేశమున అమ్ము ఫోనులలో ఇంగ్లీషు, హిందీలతో పాటు మరియొక భారతీయ భాషలో వ్రాయు వీలును, ఇరువదిరెండు భాషలను చదువు వీలును ఉండవలెనని ఉత్తర్వు చేసెను. పోటీకి తోచనిది కొంత చట్టమునకు తోచెను. 2017 ఆగస్టులో గూగుల్ వారు తెలుగు మాట్లాడినచో తెలుగులో వ్రాసి పెట్టు ఏర్పాటును తమ కీబోర్డులో చేర్చిరి. వ్రేలిముద్ర వేయు అవ్వ కూడ కుమారునికి జాబు వ్రాయు వీలు కలిగెను.

అంతలో 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రము జరిగెను. ఎవరైనను ఒకానొక తెలుగు అక్షరమును ఐఫోనుకు పంపినచో, ఆ సందేశము తెరచిన యాప్ కూలిపోవుచుండెను. మరల తెరచినను మరల కూలుచుండెను. ఆ అక్షరము జ్ఞా. జకారమునకు ఞకారపు ఒత్తు, దానికి దీర్ఘము, ఆ కూర్పు నడుమ కంటికి కనబడని ఒక గుర్తు. ఈ మేళనమును గీయుట ఎట్లో ఫోను లోపలి వ్రాతగానికి తెలియక తడబడెను. ఆటగా కొందరు ఆ అక్షరమును లోకమంతటికి పంపిరి. తెలుగు అనునొక భాష కలదని అంతకు ముందు వినని వారు కూడ ఆ వారము దాని ఒక అక్షరమును చూచి భయపడిరి. పల్లెబడి రెండవ తరగతి పిల్లవాడు పలక మీద వ్రాయు అక్షరమును, లోకమున మిక్కిలి ధనికమైన కంపెనీలలో ఒకటి వ్రాయలేక పోయెను. ఫిబ్రవరి 19న ఏపిల్ వారు సవరణ పంపిరి. ఫోనునకు, చేతి గడియారమునకు, టెలివిజను పెట్టెకు, కంప్యూటరునకు, నాలుగింటికిని ఆ ఒక్క దినముననే.